నలభై మూరల తాడు

కంప్యూటర్ గది బయట చెప్పులు విడవాలన్నారు. ఇరవై రెండేళ్లుగా అర్థశాస్త్రం చెబుతున్నవాణ్ణి, కలెక్టరు గదిలోకి కూడా చెప్పులతోనే వెళ్లినవాణ్ణి, ఒక డబ్బా కోసం విడిచాను. పైగా లోపల ఏసీ ఒకటి. మే నెలలో సిద్దిపేటలో మనుషులకు లేని చల్లదనం వాటికి కావాలట.

అది 1992. మా కాలేజీలో చుట్టుపక్కల కాలేజీల అర్థశాస్త్రం లెక్చరర్లకు పది రోజుల ప్రోగ్రామింగ్ శిక్షణ పెట్టారు. పద్దెనిమిది మందిమి, నాలుగు మిషన్లు. నేర్పడానికి హైదరాబాదు నుంచి జ్ఞానేశ్వరి అనే అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్లు ఉంటాయేమో.

"భయమెందుకు నాగేశం సార్? తప్పు కొడితే అదేం చెయ్యది. మళ్ల కొట్టుడే," అంది మొదటి రోజు.

"భయం ఎవరికమ్మా?" అని కసురుకున్నాను. నిజం చెప్పాలంటే నాకే.

ఎందుకంటే నా పీహెచ్‌డీ ఆ డబ్బా మీద ఆధారపడి ఉంది. ధూళిమిట్టలో పదిహేను బావుల్లో పదకొండేళ్లపాటు నెలనెలా నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలిపించాను. బోర్లు పెరిగినకొద్దీ పాత బావుల నీళ్లు కిందికి పోతున్నాయన్నది నా వాదన. యూనివర్సిటీ ఇప్పటికే రెండుసార్లు గడువు పెంచింది. జూన్ ఆఖరుకు థీసిస్ ఇవ్వకపోతే నా పేరు కొట్టేస్తారు. మా గైడు చేతి లెక్కలు చూడనన్నాడు, కంప్యూటర్ పట్టికే కావాలన్నాడు.

కొలిచింది నేను కాదు, లచ్చవ్వ. ధూళిమిట్ట బడిలో ఆయా. రాత్రి బడిలో అంకెలు నేర్చుకుంది. మూరకో ముడి వేసిన నలభై మూరల తాడు, దాని చివర ఒక రాయి కట్టి ఇచ్చాను. రాయి నీళ్లను తాకేదాకా వదిలి, ఎన్ని ముడులు దిగాయో లెక్కపెట్టి, నేనిచ్చిన కాగితంలో ఆ బావి గడిలో రాయాలి. "కొలిసిందే రాయాలె. అందాజగ ఒక్కటి రాసినా నా నౌకరి పోతది," అని మొదటి రోజే భయపెట్టాను. నౌకరీ పోయేదేమీ లేదు, కానీ అలా చెబితేనే వింటారని నా నమ్మకం.

మొత్తం రెండువేలకు ఇరవై తక్కువ అంకెలు. హుస్నాబాద్ నుంచి వచ్చిన హరికిషన్ నాకు జోడీ. అతను కాగితాలు చూసి చదివితే నేను ఒక్కో వేలితో కొట్టాను. "ఇరవై రెండు, పంతొమ్మిది, ఖాళీ, ఇరవై నాలుగు..." ఖాళీ అన్నచోట ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కి ముందుకు పోయాను. మధ్యలో కరెంటు రెండుసార్లు పోయింది, నా సహనం అంతకంటే ఎక్కువసార్లు పోయింది. నాలుగు రోజులకు పూర్తయింది. ఏడాదివారీ సగటు తీసే ప్రోగ్రాం నా చేత్తో నేనే రాశాను. పదమూడు లైన్లు. ఆ ఆనందం దాచుకోవడమెందుకు, పిల్లవాడినైపోయాను.

ఫలితం వచ్చింది. 1981లో ఇరవై ఒక్క మూరలు. 1986లో పంతొమ్మిది. 1991లో పదిహేడు.

హరికిషన్ తెర మీదికి వంగి చూశాడు. "ఓ నాగేశం సాబ్, నీ బాయిలల్ల నీళ్లు పైకొస్తున్నయ్ గదనయ్యా! ఇంకో పదేండ్లయితే పొర్లి రోడ్డెక్కుతయ్."

గదంతా నవ్వారు. నేను చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బయటికి వచ్చేశాను. పదకొండేళ్లు ఒక అబద్ధం వెంట తిరిగానా?

జ్ఞానేశ్వరి వెనకాలే వచ్చింది. "సార్, ఖాళీ ఉన్నకాడ ఏం కొట్టిన్రు?"

"ఏం కొట్టలేదు. ఖాళీకి ఏం కొడతం?"

"ఏం కొట్టకుండ ఎంటర్ ఒత్తితే అది సున్నా అనుకుంటది. లోతు సున్నా అంటే నీళ్లు బాయి ఒడ్డుకున్నట్టు."

ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. మిషను మీద కోప్పడ్డాను. తర్వాత ఆ అమ్మాయి చెప్పినట్టే ఖాళీల దగ్గర 999 పెట్టి, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దని ఇంకో లైను రాశాను. ఈసారి ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై నాలుగు. పదకొండేళ్లకు మూడు మూరలు. దీనితో థీసిస్ కాదు కదా, చిన్న వ్యాసం కూడా నిలబడదు.

"గిన్ని ఖాళీలు ఎందుకున్నయ్ సార్?" అడిగింది జ్ఞానేశ్వరి.

"ఎందుకుంటయ్? ఆమె పోలేదు. ఎండకు బద్ధకం." ఆ మాట నా థీసిస్ రెండో అధ్యాయంలో కూడా ఉంది, కొంచెం మర్యాదగా: 'సేకరించే వ్యక్తి అలసత్వం వల్ల కొన్ని నెలల కొలతలు లభించలేదు.'

ఆ అమ్మాయి మిషన్ ముందు కూర్చుని, ఖాళీలను మాత్రమే ఏడాదివారీగా లెక్కించే ప్రోగ్రాం రాసి, అచ్చు తీసి నా చేతిలో పెట్టింది. 1981లో మూడు. 1986లో ఇరవై. 1991లో యాభై రెండు. దాదాపు అన్నీ ఏప్రిల్ నుంచి జూన్ దాకా.

"ఏటేటా బద్ధకం పెరిగింది," అన్నాను.

"ఏమో సార్. ఆమెను ఒక్కసారి అడిగి చూడున్రి."

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి, చేర్యాల దాటి, ధూళిమిట్టలో దిగాను. బస్సులో కూర్చున్నంతసేపూ ఎలా తిట్టాలా అనే ఆలోచించాను.

లచ్చవ్వ ఒక బావి గట్టు మీద తాడు చుట్టుకుంటోంది. ఆ నెల కొలతలు తీసే రోజు అదే. కాగితం పక్కన పెట్టి, దాని మీద రాయి పెట్టింది. ఆ బావి గడి ఖాళీగానే ఉంది.

"ఇప్పుడే గదా కొలిసినవ్, రాయలేదేంది?"

"తాడు అందలే సారూ."

ఆమె చేతిలోంచి తాడు తీసుకుని నేనే వదిలాను. నలభయ్యో ముడి కూడా దిగి, తాడు కొస నా పిడికిలిలో మిగిలింది. రాయి గాలిలో అటూ ఇటూ ఊగుతూనే ఉంది. గట్టు మీదే చతికిలబడ్డాను.

"అందకపోతే నలభై దాటిందని రాయరాదా లచ్చవ్వా?"

"కొలిసిందే రాయాలె, అందాజగ రాస్తే నీ నౌకరి పోతదంటివి గద సారూ. అందనిది ఎట్ల రాస్తా? ఖాళీ ఇడిసిన. మూడేండ్ల కింద గిదే బాయి కాడ జర పొడుగు తాడు తెమ్మని గూడ అడిగిన. బస్సుకు యాళ్ల అయితుందని కాయిదాలు సంచిల ఏసుకొని పోతివి."

ఆ బస్సు గుర్తులేదు. కానీ నేను అలా వెళ్లే మనిషినే.

జేబులోంచి జ్ఞానేశ్వరి ఇచ్చిన కాగితం తీశాను. మూడు, ఇరవై, యాభై రెండు. నీళ్లు కిందికి పోయిన ప్రతిసారీ ఈమె నాకు చెబుతూనే ఉంది. పదకొండేళ్లుగా నేను వెతుకుతున్న రుజువు అదే. నేను దాన్ని మొదట సున్నా చేశాను, తర్వాత లెక్కలోంచే తీసేశాను. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు గానీ, సిగ్గే ముందు వచ్చింది.

లచ్చవ్వ ఆ కాగితం వైపు అనుమానంగా చూసింది. ఆమెకు అంకెలు వచ్చు, అక్షరాలు రావు.

"గా మిషిన్ల ఏసినవట గద సారూ నేను రాసినయన్ని, బడిల సార్లు అంటుంటే ఇన్న. ఏమన్నది? నేను ఎండకు భయపడి బాయిల కాడికి పోలేదన్నదా?"

"మిషిన్ అనలేదు లచ్చవ్వా," అన్నాను. "నేనన్న."

ఆమె తాడు చుట్ట భుజానికి వేసుకుని, తర్వాతి బావి వైపు నడిచింది. నేను చెప్పులు విడిచి చేతపట్టుకుని ఆమె వెనకాలే నడిచాను.