పదకొండో ప్యానెల్

డాబా మీద సోలార్ ప్యానెళ్లు బిగిస్తున్న బావమరిదిని చూసి బావ మూతి తిప్పాడు. "ఇన్వర్టర్ ఐదొందల వోల్టులు తట్టుకుంటుందిగా! నలభై ఐదు చొప్పున పదకొండు పెట్టొచ్చు. ఎక్కాలు నాకూ వచ్చురా."

"చలికి వోల్టేజీ పెరుగుతుంది బావా. పదే పెట్టాలి."

"చెప్పొచ్చావులే, పెద్ద మొనగాడివి!"

బావమరిది పళ్లు నూరుకుంటూ పదే బిగించి, పదకొండోదాన్ని గోడకి ఆనించి, అలవాటు ప్రకారం ఇన్వర్టర్ మూత మీద ‘పది’ అని మార్కర్‌తో రాసి వెళ్లిపోయాడు.

చలి ముదిరిన ఓ పొద్దున ఎండ తగలగానే ఇన్వర్టర్ కాలిపోయింది. "నీ పనితనం తగలెయ్య!" అని బావ ఫోన్లో వీధంతా వినేలా తిట్టాడు.

బావమరిది వచ్చి చూస్తే, మూత మీద ‘పది’ కొట్టేసి ఉంది. పక్కనే బావ కోడిగీతల్లో ‘పదకొండు’.

అతను మార్కర్ తీసి బావ చేతిలో పెట్టాడు. "అదీ కొట్టేసి సున్నా పెట్టు బావా. ఎక్కాలు వచ్చుగా!"