అయిదు చుక్కల గొంతు

కత్తెరకు అసలు పేరొకటి ఉందని పత్రికాఫీసులో జీతాలిచ్చే గుమస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. పత్రికలో తన సమీక్షల శీర్షిక కోసం వారం వారం కొత్త ఆల్బమ్‌లనూ, మళ్ళీ విడుదలైన పాతవాటినీ ముందేసుకునేవాడు. రాక్ అనడు, జాజ్ అనడు, ఏ దేశపు పాటో చూడడు, అన్నిటినీ ఒకే చేత్తో కత్తిరించేవాడు. అయిదు చుక్కలకు ఎన్ని వేస్తాడోనని పాడేవాళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చూసేవారు. మనిషిలో ఒక్కటే మంచి గుణం, మొహమాటం లేదు. చెవికి నచ్చనిది కన్నతల్లి పాడినా నచ్చలేదనే రాస్తాడు.

పెళ్ళాం విషయంలోనూ అదే జరిగింది. ఇరవై రెండేళ్ళ కిందట, పెళ్ళికి ముందు, ఆమె ఒక జాజ్ బృందంతో కలిసి క్యాసెట్ చేసింది. అందులో మాటలుండవు, ఉత్త ఆలాపన. "గొంతు సన్నం, పాట అంతకన్నా సన్నం" అని రాసి అరచుక్క వేశాడు. ఆమె పోట్లాడడానికి ఆఫీసుకు వెళ్ళింది. ఆ పోట్లాట ఏడాది తిరక్కుండా పెళ్ళిలో తేలింది గానీ, ఆమె మళ్ళీ నోరు విప్పి పాడలేదు. ఇంటికెవరొచ్చినా అతను "అరచుక్క ఆవిడా, కాఫీ!" అని కేకేసేవాడు. వచ్చినవాళ్ళు పగలబడి నవ్వేవారు. లోపల పళ్ళు నూరుకుంటూ ఆమె కూడా నవ్వేది.

రికార్డు తుడవడం, ముల్లు ఆనించడం, అతను కళ్ళు మూసుకుని చెప్పింది టైపు చేసి పత్రికకు పంపడం ఆమె పని.

ఒక పొద్దున ఆమె పేర పార్సెల్ వచ్చింది. ఆ బృందంలో గిటారు వాయించినాయన పంపాడు. పాత క్యాసెట్‌నే ఇప్పుడు రికార్డుగా తెస్తున్నారట, ఇది ముందుగా తీసిన నమూనా. లేబుల్ మీద ఒక్క అక్షరం లేదు. ఎవరిదో తెలియకుండా వింటే ఈ మనిషి ఏమంటాడు? ఒక్క మంచిమాట అంటే చాలు, ఇన్నేళ్ళ గుండెకోత తీరుతుంది. ఉత్తరం సగం చదివి బీరువాలో దాచేసి, రికార్డును ఆ వారం కట్టలో దూర్చింది.

సాయంత్రం ముల్లు ఆనించి గతుక్కుమంది. గదిలో ఎవరో మగవాడు పాడుతున్నాడు, నిదానంగా, నూతిలోంచి వచ్చినట్టు. క్షణంలో అర్థమైంది. రికార్డు నిమిషానికి నలభై అయిదు చుట్లు తిరగాల్సినది, ప్లేయరేమో ముప్ఫయి మూడులో ఉంది; నిదానించిన తన గొంతే మగగొంతులా బొంగురుపోయింది. ఆ ఇంట్లో వేగం మీట కదిపి ఏళ్ళు గడిచాయి. చెయ్యి మీట మీదికి పోయింది.

"ముట్టుకోకు!" అని అరిచాడు కత్తెర.

రెండువైపులా విన్నాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకున్నాడు. "ఎవరే ఈ మహానుభావుడు?"

"తెలీదండీ. కాగితమేమీ లేదు."

"రాసుకో. 'ఇది బతుకు కాచి వడపోసిన మగవాడి గొంతు. ఇంతటి లోతు ఆడగొంతుల్లో వెతకడం దండగ.' అయిదు చుక్కలు వెయ్యి."

మొదటి వాక్యానికి ఆమె ఒళ్ళు పులకరించింది. రెండోదానికి భగ్గుమంది. పంపే ముందు కాసేపు ఆగింది. చెప్పేస్తే అతని పరువు దక్కుతుంది. 'అరచుక్క ఆవిడా, కాఫీ!' అన్న కేక చెవిలో మోగింది. పంపేసింది.

అచ్చయిన మూడో రోజు సంపాదకుడు ఫోన్ చేశాడు. కత్తెర స్పీకర్ నొక్కాడు.

"మాస్టారూ, ఆ మహానుభావుడు మీ ఇంట్లోనే గిన్నెలు తోముతున్నాడటగా! ఆ పేరులేని రికార్డు తను పంపిందేననీ, మీరు వేగం తప్పి విన్నారనీ గిటారాయన ఉత్తరం రాశాడు. ఊరంతా నవ్వుతోంది. వచ్చే వారం నుంచి మీ శీర్షిక ఇంకొకరు రాస్తారు లెండి."

ఫోన్ పెట్టేసి కత్తెర ఆమె వైపు తిరిగాడు. "నీకు ముందే తెలుసా?"

"సరిచెయ్యబోతే ముట్టుకోవద్దన్నారుగా."

"ఇప్పుడు సరిగ్గా పెట్టు."

ఆమె మీట జరిపింది. ఇరవై రెండేళ్ళనాటి తన గొంతు గదిలోకి వచ్చింది. అతను తల వంచుకుని చివరిదాకా విన్నాడు. శీర్షిక పోయింది, దాచుకోవడానికి పరువూ లేదు, ఇకనైనా ఆ ఒక్క మంచిమాట అంటాడేమోనని ఆమె ఎదురుచూసింది.

"సన్నమేనే," అన్నాడు. ఎగతాళి లేదు, కోపం లేదు, జాలిపడుతున్నాడు. "ఏం చెయ్యమంటావు? సన్నమే."

ఆ జాలికి ఆమె నిలువునా కాలిపోయింది.

"ఆ నిదానంగా ఉన్నదే మళ్ళీ పెట్టు," అన్నాడు.

పెట్టింది. అతను కళ్ళు మూసుకున్నాడు. ముఖంలో కొత్త పెళ్ళికొడుకు వెలుగు. తన గొంతే అని తెలిసి కూడా, ఆ పాడేవాడి మీద ఆమెకు సవతి మీద పుట్టినంత కడుపుమంట పుట్టింది.