కెన్నా గుసగుస

పొద్దున్నే రొట్టె, ఉల్లిపాయ తిని హుయి పనికి కూర్చున్నాడు. ఇది ఆరో రోజు. అదే ఆకుపచ్చ రాయి, అదే పేడపురుగు తాయెత్తు. తల, రెక్కలు, కాళ్లు అన్నీ ముచ్చటగా కుదిరాయి. అడుగున రాయాల్సిన మాట మాత్రం ఎక్కడం లేదు. "ఓ నా గుండే, నా మీద సాక్ష్యం చెప్పకు." చచ్చాక రొమ్ము మీద పెట్టే పురుగుకి ఆ మాటే ప్రాణం. అది లేకపోతే పాపాలు తూచే దేవుడి తక్కెడ దగ్గర గుండె నోరు విప్పి అంతా కక్కేస్తుంది.

ఉలి మళ్లీ జారింది. హుయికి ఒళ్లు మండింది.

"బాబాయ్, ఎన్నిసార్లు చెప్పాలి నీకు! నీ గుండె దేని గురించి నోరు మూసుకోవాలో చెప్పందే రాయి మెత్తబడదు."

"ఏంటీ? గట్టిగా చెప్పి చావు!" తాయెత్తు చేయించుకోడానికొచ్చి గోడవార కూర్చున్న ముసలి కెన్నా చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. రాజుల కోసం కొండలో సమాధులు తొలిచే పనివాళ్ల ముఠాకి ఒకప్పుడు మేస్త్రీ అతను.

"నీ తప్పు చెప్పమంటున్నా!"

"చెప్పాగా! పక్కింటోడి గాడిదని అడక్కుండా తోలుకెళ్లా. పండగనాడు బీరు ఎక్కువ తాగా."

"ఊళ్లో అందరూ తాగారు! దానికి మెత్తబడుతుందా?"

నైలు పడమటి గట్టున ఆ రాళ్ల తీరే అంత. విసుక్కోవడమే గాని ఆశ్చర్యపోయే తీరిక ఎవరికీ లేదు. హుయికి ఇంకో పని కూడా లేదు. దొంగ కొడుకుని సమాధుల ముఠాలోకి రానివ్వరు. ముప్పై ఏళ్ల కిందట వాళ్ల నాన్న నఖ్‌మిన్ రాజుగారి రాగి ఉలి కాజేశాడని రాళ్ల గనికి తోలారు. అక్కడే పోయాడు. ఆయన దొంగ కాడని తల్లి వెర్నురో ఒక్కతే ఇప్పటికీ గోధుమలు నూరుతూ గోడతో చెప్పుకుంటుంది.

కెన్నాకి దగ్గు తెర వచ్చింది. తగ్గాక చాలాసేపు రాయి వంక చూశాడు.

"ఇటు తే. నువ్వు చెవులు మూసుకో."

హుయి ఆనవాయితీ ప్రకారం చెవుల్లో గుడ్డలు కుక్కుకున్నాడు. కెన్నా రాయిని పెదాలకి ఆనించి గుసగుసలాడాడు. పాపం, అది గుసగుస అని అతనొక్కడే అనుకున్నాడు.

"ఆ ఉలి తీసింది నేనే! అమ్ముకు తిన్నా! నఖ్‌మిన్ తీశాడని దేవుడి మీద ఒట్టేసి చెప్పా!"

లోపల నూరుతున్న చప్పుడు ఆగిపోయింది.

"మెత్తబడిందిరా, చూడు!" కెన్నా సంబరంగా రాయి అందించాడు. "ఎవరూ వినలేదుగా?"

రాయి తడిమట్టిలా వేళ్ల కింద అణుగుతోంది. చెవుల్లో గుడ్డలున్నా అంతా విన్న హుయి వాటిని పీకి విసిరికొట్టాడు. పిండి చేతులతో వెర్నురో గుమ్మంలోకి వచ్చింది.

"నేను చెక్కనమ్మా. దీన్ని వీడి నెత్తినే కొడతా."

"చెక్కరా. అక్కడ వీడి గుండె నోరు మూసుకుంటే మూసుకోనీ. ఇక్కడ వీధి వీధంతా విన్నది."

హుయి చెక్కాడు. ఒక్క అక్షరం కూడా వంకర పోలేదు. తలెత్తేసరికి వాకిలి నిండా జనం.

"ఏంటర్రా, ఏమైంది?" అంటున్నాడు కెన్నా.

దొంగ ఇల్లని ముప్పై ఏళ్లుగా ఆ గడప తొక్కని పక్కింటి తమెహిత్ ముందుకొచ్చింది. చేతిలో చిన్న పిడత.

"వదినా, మా పొయ్యి ఆరిపోయింది. కాస్త నిప్పు ఇస్తావా?"

వెర్నురో కళ్లు తుడుచుకుంటే మొహమంతా పిండి అయింది.

"ఆ పిడతలో నిప్పు పట్టుకెళ్తే చెయ్యి కాలదూ? గుడ్డ తెచ్చుకోవద్దూ?" అని కసిరి, లోపలికి రమ్మంది.