ఎడమ చెవి

స్నానం చేసి వచ్చి, తల తుడుచుకోకుండానే వీరబ్రహ్మం చేతిగడియారాన్ని ఎడమ చెవికి ఆనించుకున్నాడు. నాలుగేళ్లుగా రోజూ చేస్తున్న పనే. భార్య సత్యకుమారి వంటింట్లో ఉన్న సమయం చూసి, గది తలుపు దగ్గరగా వేసి, ఊపిరి బిగబట్టి వింటాడు. కీ ఇచ్చే పాత గడియారం. టిక్కుటిక్కుమని వినపడితే ఆ పూటకి గండం గడిచినట్టే.

ఇవాళ ఏమీ వినపడలేదు.

ఆగిపోయిందేమోనని చూశాడు. సెకన్ల ముల్లు తిరుగుతూనే ఉంది. మళ్లీ ఆనించి, నొప్పి పుట్టేంత గట్టిగా నొక్కాడు. లోపలి చక్రాల అదురు ఎముకకి సన్నగా తెలిసింది. శబ్దం మాత్రం రాలేదు.

కుడి చెవి నాలుగేళ్ల కిందటే పోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇరవయ్యో ఏట నుంచి పెళ్లిళ్లకీ తీర్థాలకీ మైకుసెట్లు కట్టాడు. మోగుతున్న హారన్ల పక్కనే చాప పరుచుకుని నిద్రపోయాడు. తరవాత రాజమండ్రిలో గణేష్‌బాబు షాపులో చేరి రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేశాడు. ఇప్పుడు ఇళ్లకి వెళ్లి హోమ్ థియేటర్లు బిగిస్తున్నాడు. యాభై రెండేళ్లొచ్చాయి. శబ్దంతో తప్ప ఇంకో పని తెలీదు.

సత్యకుమారి తలుపు తోసుకుని ఎదురుగా వచ్చి నిలబడింది. "ఉప్మా చల్లారిపోతోందండీ."

అతను గభాలున గడియారం చేతికి పెట్టుకున్నాడు.

షాపు తెరిచీ తెరవగానే గణేష్‌బాబు పిలిచాడు. "బ్రహ్మం గారూ, ధవళేశ్వరం వెళ్లాలండి. ఇరిగేషన్‌లో ఇంజినీరుగా చేసి రిటైరైన సూర్యప్రకాశం గారిల్లు. సెట్టు తీసుకెళ్లి వాళ్లే పెట్టుకున్నారు. బాగాలేదంటున్నారు." గొంతు తగ్గించి ఇంకేదో అన్నాడు. వీరబ్రహ్మం పెదాలకేసి చూస్తూ తలూపాడు. పోయిన నెల డాక్టరు గారింట్లో జరిగింది మళ్లీ జరగకూడదని అంటున్నాడని తెలుస్తూనే ఉంది. తనకి వినపడటంలేదని సన్నశబ్దాన్ని పెంచుకుంటూ పోతే, ఆ ఇంట్లో పిల్లలు చెవులు మూసుకుని ఏడ్చారు.

బస్సులో కూర్చున్నంతసేపూ చెవులు రిక్కించాడు. డ్రైవరు గేరు మారిస్తే ఇనపరేకుల మోత వినపడుతోంది. పక్క సీట్లో ఇద్దరాడవాళ్లు నవ్వుకుంటున్నారు. ఆ నవ్వు వినపడటంలేదు.

సూర్యప్రకాశం గారి భార్య సీతారామలక్ష్మి గారు తలుపు తీసింది. సన్నటి మనిషి, గొంతూ సన్నదే. ముందుగదిలోకి నడుస్తూ, వెనక్కి తిరక్కుండానే మాట్లాడుతోంది. వీరబ్రహ్మం రెండంగల్లో ఆవిడ పక్కకి చేరాడు.

"... వంటింట్లో గిన్నెలు అదురుతున్నాయండి. ఆయన కుర్చీ దగ్గర మాత్రం ఏమీ లేదంటున్నారు."

గది మధ్యలో పేము కుర్చీలో పెద్దాయన కూర్చుని ఉన్నాడు. వీరబ్రహ్మం నమస్కారం పెడితే తలూపాడు గాని పలకలేదు.

"ఆయనకి చెవులు పోయాయండి, రెండేళ్లయింది," అందావిడ. "కచేరీలంటే ప్రాణం. ఇప్పుడు లావు శబ్దాలు తప్ప ఏవీ అందవు. మృదంగమైనా వినపడుతుందని ఈ సెట్టు కొనిపించారు."

వీరబ్రహ్మం ఆయన వైపు తిరిగి చూశాడు. పెద్దాయన కళ్లు ఆవిడ పెదాలమీదే ఉన్నాయి. చెంపలు వదులై, తల కాస్త ముందుకు వంగి, అందని మాట కోసం ఎదురు చూస్తున్న మొహం. ఇంకో రెండేళ్లలో తన మొహమూ అంతేనా?

చూపు తిప్పేసుకుని పనిలోకి దిగాడు. లావు శబ్దాలు పలికే సబ్‌వూఫర్ పెట్టెని తెచ్చి మూలలో, రెండు గోడలకీ ఆనించి పెట్టారు. పెద్దాయన్ని లేపి సోఫాలో కూర్చోబెట్టి, ఆ పెట్టెని ఎత్తి కుర్చీలో పెట్టాడు. మనిషి కూర్చునే చోట పెట్టెని మోగించి, పెట్టె ఉండాల్సిన చోటు వెతుక్కోవాలి. పరీక్షకోసం తెచ్చుకున్న సీడీ వేశాడు. ఒకటే మందమైన స్వరం, విడవకుండా, దూరంగా లారీ ఇంజను తిరుగుతున్నట్టు. మోకాళ్లమీద వంగి గోడవారగా పాకుతూ వెళ్లాడు. మూల దగ్గర ఆ స్వరం ఉబ్బి గుండెల మీద కూర్చుంది. రెండు బారలు ఇవతలికొచ్చేసరికి మాయమైపోయింది. కిటికీ కింద ఉబ్బలేదు, పలచబడనూలేదు. అరచేయి నేలకి ఆనించి కళ్లు మూసుకున్నాడు. రోజు మొత్తంలో భయంలేని క్షణాలు ఇవే. ఈ శబ్దానికి చెవితో అట్టే పనిలేదు.

"తప్పు పెట్టెది కాదండీ, చోటుది," అన్నాడు లేచి. "మూలనుంటే ఇల్లంతా గుంయిమంటుంది. కుర్చీ దగ్గరికొచ్చేసరికి గోడలకి తగిలి తిరిగొచ్చే శబ్దం దీన్ని మింగేస్తుంది."

పెట్టెని కిటికీ కిందకి మార్చి, పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మృదంగం సీడీ పెట్టాడు. పెట్టె వెనకున్న మీటలు ఒక్కో గీతా తిప్పుతూ ఆయన మొహం చూశాడు. పెద్దాయన చేతులు కుర్చీని గట్టిగా పట్టుకున్నాయి. ఎడమచేతి వేళ్లు కదిలాయి.

"తొప్పి!" అని పెద్దగా అరిచాడు. "ఎడమచేతి దెబ్బ! తెలుస్తోందే, లక్ష్మీ!" కాసేపాగి, తనలో తను అనుకున్నట్టు, "కుడిచేతిది లేదు. అది పోయింది," అన్నాడు.

సీతారామలక్ష్మి గారు కొంగుతో కళ్లొత్తుకుని, వీరబ్రహ్మం వైపు తిరిగింది. "ఆ చిన్న స్పీకర్లో దోమ రొదలా వస్తోంది, అది కూడా తీసేద్దురూ."

వీరబ్రహ్మం స్పీకరు దగ్గర చెవి పెట్టాడు. ఏమీ లేదు. పాట ఆపాడు. ఏమీ లేదు.

"పోయిందండి," అన్నాడు.

"ఇప్పుడూ వస్తోంది కదండీ." ఆవిడ ఆశ్చర్యంగా చూసింది. "అంత గట్టిగా వస్తుంటే?"

ఇక ఈవిడ షాపుకి ఫోన్ చేస్తుంది. సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. స్క్రూడ్రైవరు పట్టుకుని మళ్లీ స్పీకరు మీదకి వంగాడు.

"ఎన్నాళ్లయిందయ్యా?" పెద్దాయన గొంతు గదంతా మోగింది. "వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. మా ఆవిడ పెదాలకేసే చూస్తున్నావు. నేనూ అంతే."

వీరబ్రహ్మం నాలుగు వేళ్లు చూపించాడు. "ఒకటి పోయి నాలుగేళ్లండి. రెండోది ఇవాళ..." అన్నాడు. ఈ మాట పైకి అనడం ఇదే మొదటిసారి.

"ఇంట్లో తెలుసా?"

తల అడ్డంగా ఊపాడు.

"నేనూ ఏడాది దాచాను. రోడ్డెక్కితే వెనక ఏమొస్తోందో తెలీక ఒళ్లంతా కళ్లు చేసుకుని నడిచేవాణ్ణి. ఆ భయం ఒక్కడే మోసేది కాదయ్యా. చెప్పెయ్యి."

తరవాత సీతారామలక్ష్మి గారు స్పీకరు దగ్గర నిలబడింది. వీరబ్రహ్మం వైర్లు ఒక్కొక్కటీ కదుపుతుంటే, ఆవిడ వినిపెట్టింది. స్టెబిలైజరు పక్కనుంచి పోతున్న వైరును దూరంగా జరపగానే చేయెత్తింది. "ఆ! ఆగిపోయింది."

మధ్యాహ్నం ఎండలో కాలవగట్టు రోడ్డు వెంట బస్సు కోసం నడిచాడు. సత్యకుమారికి ఎలా మొదలుపెట్టాలో అనుకుంటున్నాడు. లాకుల దగ్గర నీటిహోరు తప్ప ఏదీ అందడంలేదు. వీపుకి వేడిగాలి కొట్టింది. మరుక్షణం ఇసకలారీ పక్క చెక్కలు చొక్కాని రాసుకుంటూ దూసుకుపోయాయి. క్లీనరు తలుపులోంచి వేలాడుతూ తిడుతున్నాడు, నోరు తెరుచుకుంటూ మూసుకుంటూ. హారన్ ఎంతసేపటినుంచి కొట్టారో! గట్టుమీద గడ్డిలో కూలబడ్డాడు.  లేచాక నాలుగడుగులకొకసారి వెనక్కి చూసుకుంటూ బస్‌స్టాండుకి చేరాడు.

షాపులో గణేష్‌బాబు నవ్వుతూ ఎదురొచ్చాడు. "ఇంజినీరు గారి ఆవిడ ఫోన్ చేశారండీ. ఎంత మెచ్చుకున్నారో!"

ఆవిడ చెప్పలేదన్నమాట. ఇంకో నెల, ఇంకో రెండు నెలలు గడపొచ్చు. వీపుమీద ఆ వేడిగాలి ఇంకా ఆరలేదు.

"నాకు చెవులు పోయాయండి, బాబుగారూ," అన్నాడు. "రేపట్నుంచి రాను."

గణేష్‌బాబు "ముందే చెప్పుంటే..." అంటూ మొహం పక్కకి తిప్పుకున్నాడు. మిగతా మాట వీరబ్రహ్మానికి అందలేదు. మళ్లీ అడగలేదు.

దీపాలు పెట్టేవేళకి ఇల్లు చేరాడు. సత్యకుమారిని కూర్చోబెట్టి, నేలకేసి చూస్తూ చెప్పాడు. తలెత్తేసరికి ఆవిడ ఏడవడంలేదు.

"తెలుసండి," అంది. "నాలుగేళ్లుగా మీ ఎడమవైపే నడుస్తున్నాను కదా. మీరు చెబుతారని చూస్తున్నాను."

"రేపు పొద్దున నీ మాట కూడా అందదేమోనే."

ఆవిడ పీట జరుపుకుని, దీపం వెలుగు తన మొహమ్మీద పడేలా ఎదురుగా కూర్చుంది.

వీరబ్రహ్మం మళ్లీ షాపుకి రాలేదు. వెనకగదిలో అతని బల్లని కొన్నాళ్లు ఎవరూ ముట్టుకోలేదు. దానిమీద వెనకమూత తీసిన ట్రాన్సిస్టరు ఒకటుంది. పక్కనే వెల్లకిలా పెట్టిన సోడాసీసా మూతలో, పోకుండా దాచిపెట్టిన దాని నాలుగు మరలు.