గడప లేచిన శుక్రవారం

శ్రావణమాసం రెండో శుక్రవారం, సాయంత్రం ఆరుంపావు. దిల్‌సుఖ్‌నగర్ బజారు నుంచి పూలూ, కూరలూ, కూతురి ఫోనూ పట్టుకుని లలితకుమారి మెట్లెక్కి వచ్చేసరికి, ఇంటి గడప మోకాలెత్తున లేచి నిలబడింది.

అత్తగారు అండాలమ్మ రేపల్లె నుంచి లారీలో తెచ్చుకున్న వేపచెక్క గడప అది. ఇంట్లోవాళ్ళని మోసగించే ఎత్తు మనసులో దాచుకుని లోపలికి వచ్చేవాళ్ళకి లేస్తుంది. దొంగ కాయితాల స్థలం అమ్మజూపిన బ్రోకరుకి లేచింది. అలాంటివాళ్ళకి బయటికొచ్చి మంచినీళ్ళిచ్చి పంపేసేవారు. గడపకి అటొకరూ ఇటొకరూ నిలబడి ఇచ్చిపుచ్చుకోవడం ఆ ఇంట్లో లేదు.

ఇంటి మనిషికి లేవడం మాత్రం ఇదే మొదలు.

ఎదురింటి ఎలీశమ్మ తొంగిచూసింది. "నీకే లేసిందా అక్కా? జర మెట్ల మీద కూసో. బరువు మోస్కుంట ఎంతసేపు నిలబడ్తవ్?"

లలితకుమారి కూర్చుంది. కారణం ఆవిడకి తెలుసు.

ఎనిమిదో తరగతి చదివే తన్మయి నాలుగు రోజులుగా కంచంలో మెతుకులు కెలికి లేచిపోతోంది. మంగళవారం ఫోను మీద ఒక వాక్యం మెరిసి పోయింది: 'మీ అమ్మకి చెప్పకు.' అప్పట్నుంచి తల్లికీ ముద్ద దిగడంలేదు. ఇవాళ అద్దం మార్పిస్తానని ఫోను తీసుకుని, సెల్‌ఫోన్లు బాగుచేసే ఉపేంద్ర కొట్టుకి వెళ్ళింది.

"గీ యాప్ టైం పెడ్తది, పిచ్చి సైట్లు ఆపుతది. గానీ పాపకు కనవడ్తది మేడం," అన్నాడు ఉపేంద్ర. "గా రెండోదైతే పాపకు తెల్వనే తెల్వదు. మెసేజులన్నీ మీకొస్తయ్."

"తెలియనిదే పెట్టు బాబూ."

ఇప్పుడు తన్మయి గుమ్మంలోకి వచ్చి గడపని చూసింది, తల్లిని చూసింది. "ఏం చేశావమ్మా?"

"ఏమీ లేదు."

గడప ఇంకో జానెడు లేచింది. ఎలీశమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తన్మయి అడుగు వేసింది. ఆ పిల్ల కాలికి గడప నేలలా అణిగి, దాటాక మళ్ళీ లేచింది. వచ్చి తల్లి పక్కన మెట్టు మీద కూర్చుంది. లలితకుమారి జరిగింది చెప్పేసింది.

"దొంగచాటుగా నా మెసేజులు చదువుతావా?"

"చదువుదామనే అనుకున్నా. తప్పే. ఇదుగో, నీ ఎదురుగానే తీసేస్తున్నా." తీసేసింది. "నీకు కనబడే యాప్ మాత్రం పెడతాను. నీకు చెప్పి పెడతాను. అలిగినా సరే, ఏడ్చినా సరే, వద్దంటే వినను."

 తన్మయి ఫోను అందుకుని తనే మెసేజులు తెరిచింది. ఆటలో పరిచయమైనవాడు. పదో తరగతి అన్నాడు. రేపు పదింటికి ఎల్బీనగర్ మెట్రో దగ్గరికి ఒక్కతే రాకపోతే, తన్మయి ఫొటోని మార్ఫింగ్ చేసి అందరికీ పంపుతానంటున్నాడు.

"ట్యూషనని చెప్పి వెళ్దామనుకున్నా అమ్మా."

"ఎక్కడికీ వెళ్ళట్లేదు నువ్వు. వాడి సంగతి మేం చూసుకుంటాం."

లేచి చూస్తే గడప నేలతో సమానంగా ఉంది. ఎప్పుడు దిగిందో ఇద్దరూ చూసుకోలేదు. దీపం పెట్టాక, పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, కనబడే యాప్ పెట్టింది.

మర్నాడు పొద్దున తన్మయి నాన్న త్రినాథరావు కూతురి కోసం ఆఫీసుకి సెలవు పెట్టాడు. పది దాటగానే తన్మయి ఫోను మోగింది. లలితకుమారి ఎత్తింది.

"తన్మయి వాళ్ళమ్మని. చెప్పండి."

అవతలివాడు వెంటనే ఫోను పెట్టేశాడు. 

ముగ్గురూ పోలీస్‌స్టేషన్‌కి బయల్దేరారు. తన్మయి గడపకి దండం పెట్టి, దాటి బయటికొచ్చాకే, ఫోను తల్లి చేతిలో పెట్టింది.