పొగకొండ యువదొర తల్లి

మహబూబ్బీ రొయ్యల తలలు తుంచి ఒక గిన్నెలోనూ, ఒలిచిన రొయ్యలు ఇంకో గిన్నెలోనూ వేస్తూ, మధ్యమధ్య మోచేత్తో ఫోనును తాకి చూస్తోంది. వేళ్ల నిండా జిగురు, అందుకని మోచేయి. తాకినప్పుడల్లా తెర వెలిగి టైము మాత్రం చూపిస్తోంది. పదకొండూ పది. పదకొండూ పద్దెనిమిది. కొడుకు దగ్గర నుంచి ఏమీ లేదు. నిన్న సాయంత్రం నుంచీ ఏమీ లేదు.

రొయ్యల కాలం వచ్చిందంటే ఈమె బాబా అని పిలిచే అరబ్బు యజమాని వారానికి రెండుసార్లు ఖతీఫ్ రేవు నుంచి బుట్టెడు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టిపోతాడు. ఒక్కొక్కదాని వీపు చాకుమొనతో గీసి లోపలి నల్లటి పేగు తెగకుండా లాగాలి. తెగితే బాబా తల్లి అయిన ముసలామె నోటికి ఇసుక తగులుతుంది, తగిలితే ఆయన భార్య, మేడమ్, వంటింట్లోకి వస్తుంది. మహబూబ్బీకి నలభై ఆరేళ్లు. ఈ ఇంట్లో ఆరేళ్లు, అంతకుముందు అదే దేశంలో హాయిల్‌లో ఒక ఇంట్లో మూడేళ్లు. కుడి బొటనవేలి గోటి పక్క చీలిక ఏ మందుకూ మూసుకోదు. ముంజేతుల మీద ఓవెను తలుపు కాల్చిన గీతలు, కొన్ని నల్లబడినవి, కొన్ని ఇంకా ఎర్రనివి. చెమటకు రంగుపోయిన నల్లపూసలు మెడలో అలాగే ఉన్నాయి, వాటిని కట్టిన దస్తగిరి పోయి పదేళ్లయినా. పరుపులకు దూది ఏకేవాడు. ఆ నుసే ఊపిరితిత్తుల్లో చేరి పోయాడు. మరుసటి ఏడు, పన్నెండేళ్ల కొడుకును లక్కిరెడ్డిపల్లెలో చెల్లెలు అమీనా చేతిలో పెట్టి ఈమె విమానం ఎక్కింది.

ఆ కొడుకు నబీ రసూలుకు ఇప్పుడు ఇరవై ఒకటి. చదువు సగంలో మానేశాడు. హైదరాబాదులో ఫోన్లో కథలు వినిపించే కంపెనీ ఒకటుంది. దానికి రోజుకొక భాగం చొప్పున కథ రాసి పంపుతాడు. ఎవరో లావుగొంతు మనిషి దాన్ని చదువుతాడు. రాసేది చైనా దేశపు కథ. మబ్బుల్లో మునిగి ఉండే పొగకొండ, దాని మీద కత్తియుద్ధాల్లో పేరుమోసిన ఒక వంశం, ఆ వంశానికి వారసుడు వెయ్ రాన్ అనే యువదొర. ఆ వంశంలో పుట్టినవాళ్ల ఒంట్లో శక్తి నాడుల వెంట పారుతుందట, గాలిలో నడుస్తారట, అరచేత్తో బండలు పగలగొడతారట. వెయ్ రాన్‌కు మాత్రం పన్నెండో ఏట నాడులు మూసుకుపోయాయి. ఏటేటా పెద్దలందరి ముందు అతను ఒక రాయి మీద చెయ్యి పెడతాడు. శక్తి ఉంటే రాయి వెలగాలి. వెలగదు. అతని తల్లిని ఎడారి రాజ్యానికి జామీనుగా పంపారు. ఆమె అక్కడ రాజుగారి వంటింట్లో పనిచేస్తూ ఉంటుంది.

ఇది విన్న మొదటిరోజే మహబూబ్బీ చేతిలో పని పక్కన పెట్టి ఆ భాగాన్ని మళ్లీ మొదటి నుంచి వింది. పన్నెండో ఏడు. ఎడారి. వంటిల్లు. ఇంకేం కావాలి.

ఫోను చేస్తే వాడు చెప్పేవి మూడే మాటలు. తిన్న్యా, బాగుండా, ఫోను పెడతాండా. ఆ మూడింట్లో ఏది నిజమో ఆమెకెట్లా తెలియాలి? కథలో అయితే యువదొరకు పంటినొప్పి వచ్చి మూడు భాగాలు మూలిగాడు. అనుమానం వచ్చి అమీనాను నిలదీస్తే, అవునక్కా, జ్ఞానదంతం వాచి రెండు దినాలు అన్నం తినలేదు, నీకు చెప్పొద్దన్న్యాడు అంది. ఆ రోజు నుంచి మహబూబ్బీ కొడుకు మాట నమ్మడం మానేసి కథను నమ్మడం మొదలుపెట్టింది. యువదొర దగ్గితే ఇక్కడ ఈమెకు గుండె ఆగేది. అతని మేనత్త పొద్దుపోగానే నల్లటి కషాయం తన చేత్తో తాగిస్తుంటే, వానికి నువ్వేం తాగిస్తాండావని చెల్లెలికి ఫోను చేసి అడిగింది. రాగిజావ తాగిస్తాండా, ఈడ విషం దొరకలేదు అని అమీనా ఫోను పెట్టేసింది. ఆ తర్వాత వారం రోజులు మాట్లాడలేదు. మాట్లాడకపోవడం కూడా మహబూబ్బీకి అనుమానంగానే ఉండింది. తప్పు లేనిది అలుగుతుందా?

నిన్నటి భాగంలో యువదొర వెయ్యిమెట్ల లోయ అంచుకు వెళ్లాడు. బూట్లు విప్పి పక్కపక్కన పెట్టాడు. వాటి మీద కత్తి అడ్డంగా ఉంచాడు. గాలి ఆగింది, అని లావుగొంతు మనిషి చెప్పాడు. అక్కడితో భాగం అయిపోయింది.

ఆమె వెంటనే ఫోను చేసింది. మోగింది, ఎత్తలేదు. రెండోసారి స్విచాఫ్. అమీనా ఫోనూ అంతే. అమీనా పగలంతా మామిడితోటలో పనికి పోతుంది, రాగానే ఛార్జింగు పెట్టడం మరిచిపోతుంది, అది ఎప్పుడూ ఉన్నదే. కానీ రెండు ఫోన్లూ ఒకే రోజు ఆగాయంటే, ఇద్దరూ కలిసి ఏదో దాస్తున్నారన్నమాట. లేదా దాచడానికి కూడా ఎవరూ మిగలలేదన్నమాట. రాత్రి ఆమె కన్ను మూయలేదు. ఆ బూట్లే. విప్పి, పక్కపక్కన.

రొయ్యలు కడిగి జల్లెడలో పోసి, చేతులు తుడుచుకుని, మేడమ్ కోసం హాలులోకి వెళ్లింది. మేడమ్ ముసలామె కాళ్లకు నూనె రాస్తోంది. మహబూబ్బీ తనకొచ్చిన అరబ్బీలో, కొడుక్కు జబ్బు చేసింది, ఒక నెల ఇంటికి వెళ్లి వస్తాను, వెళ్లి తిరిగొచ్చే అనుమతి కాగితం, ఎగ్జిట్ రీఎంట్రీ, ఇప్పించమని బాబాను అడగండి అని చెప్పింది. మేడమ్ ఆమె మొహంలోకి చూసింది. పోయిన ఏడు ఇలాగే అమ్మకు జబ్బని వెళ్లిన కెన్యా పనమ్మాయి తిరిగి రాలేదు. ఏం జబ్బు అని అడిగింది మేడమ్. నాడులు మూసుకుపోయాయని చెప్పడానికి లేదు కదా. గుండె, అంది మహబూబ్బీ. ఇరవై ఒక్క ఏళ్లకా, అంది మేడమ్. నూనె రాయడం ఆపలేదు. సాయంత్రం బాబాతో చెబుతానంది.

డ్రైవరు నాగేందర్ రొట్టెలు, కొత్తిమీర తెచ్చి వంటింటి తలుపు దగ్గర నిలబడ్డాడు. జగిత్యాలవాడు, నలభై దాటాయి, చెవిలో ఎప్పుడూ ఒక తీగ వేలాడుతుంటుంది. పొగకొండ కథ అతనే మొదట ఆమె ఫోనులో ఎక్కించాడు. దాన్ని రాసేది తన కొడుకేనని మహబూబ్బీ అతనికి చెప్పలేదు. ఎవరి కన్ను ఎట్లాంటిదో.

"ఏందక్కా, కండ్లు గట్ల ఉబ్బినయి? నిన్నటి ఎపిసోడా?" అని నవ్వాడు.

ఆమె కొత్తిమీర అందుకుంది. వాడు దూకుతాడంటావా నాగేందరూ, అని అడిగింది. కట్ట విప్పి, కుళ్లిన కాడలు చాకుతో తీసేస్తూ, అతని వైపు చూడకుండా అడిగింది.

"హీరో ఎక్కడన్న దుంకుతడా? గానీ ఆ తల్లి ముచ్చట తెస్తరు సూడు, గది నాకు చిరాకు. ఎడారిల రొట్టెలు చేసుడు, ఏడ్సుడు. ఆమె వచ్చిందంటే నేను ముందుకు జరుపుత. కింద రాసిన గూడ, ఆ తల్లిని జల్ది సంపి ఒడగొట్టుండ్రి అని. మస్తుమంది లైకులు గొట్టిన్రు."

ఆమె చేతిలో చాకు కొత్తిమీర మీద ఆగింది. మళ్లీ కదిలింది. అతను వెళ్లాక గానీ, ఎంతమంది అలా రాసి ఉంటారన్న ఆలోచన రాలేదు. వచ్చాక, వాళ్లంతా తన కొడుకు చేత ఏదో చేయిస్తున్నారని అనిపించింది. ఎవరో తెలియని జనం, లారీల్లో, కారుల్లో, చెవుల్లో తీగలు పెట్టుకుని.

భోజనాలు రెండింటికి అయ్యాయి. పళ్లాలు కడిగింది. పెద్ద గిన్నె అడుగున మాడిన అన్నం నానబోసింది. ముసలామెకు మాత్రలు వేయించింది. ఏది ఏ రంగో రెండుసార్లు చూసుకుంది. ఈ మధ్య అన్నీ రెండుసార్లు చూసుకుంటోంది. బాబా తొడుక్కునే తెల్లటి పొడుగు అంగీలు, తోబులు, మూడు ఇస్త్రీ చేసింది. మెడపట్టీ దగ్గర ముడత రాకుండా ఆవిరి పట్టి, అరచేత్తో అదిమి, ఇంకోసారి పట్టి. ఇల్లు నిద్రపోయింది. మూడు గంటలకు, అంటే లక్కిరెడ్డిపల్లెలో ఐదున్నరకు, కొత్త భాగం వస్తుంది. పావుగంట ముందే ఆమె బట్టలుతికే గది వెనకున్న తన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరకు వేసింది. మంచం, ఇనుప బీరువా, చెయ్యి పట్టేంత కిటికీ. మంచం మీద కూర్చుని తీగ చెవిలో పెట్టుకుంది. భాగం వచ్చిందంటే వాడు రాశాడన్నమాట. రాశాడంటే ఉన్నాడన్నమాట. అట్లా అని ధైర్యం తెచ్చుకోబోయింది. వాళ్లు ముందే రాసి ఉంచుకుంటారేమో అని మరుక్షణమే ఆ ధైర్యం పోయింది.

వచ్చింది.

యువదొర లోయ అంచున నిలబడి ఉన్నాడు. కింద పొగ. ఎడారి వైపు నుంచి ఒక డేగ ఎగిరివచ్చి అతని భుజం మీద వాలింది. దాని కాలికి చీటీ, అందులో రాసి ఉంది: ఎడారి రాజ్యపు వంటింట్లో పిండి కలుపుతూ మీ తల్లి గోడకు ఆనుకుని కూర్చుంది. ఇక లేవలేదు. ఆమె వయసు నలభై ఆరు. వెయ్ రాన్ చీటీ మడిచాడు. బూట్లు తొడుక్కున్నాడు. పక్కకు జరిపిన కత్తి తీసుకోబోతే చెయ్యి అంచున ఉన్న రాయికి తగిలింది. పన్నెండో ఏటి నుంచి మూసుకుపోయిన నాడులు ఒక్కొక్కటే తెరుచుకుంటుంటే, రాయి వెలగడం మొదలైంది.

మహబూబ్బీ కథ ఆపేసింది. బూట్లు తొడుక్కున్నాడు. ముందు అదొక్కటే బుర్రకెక్కింది. ఊపిరి వదిలి, ముసుగుతో మొహం తుడుచుకుంది. పిండి, గోడ, నలభై ఆరు. ఆ మాటలు ఆ తర్వాత నెమ్మదిగా వచ్చి ఆమె పక్కన కూర్చున్నాయి.

ఫోను చేసింది. ఐదో మోతకు ఎత్తాడు.

"మా," అన్నాడు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడని గొంతు.

యాడ సచ్చినావురా అని నోటి దాకా వచ్చిన మాటను మింగేసింది. "యాడ ఉండావు నాయనా?"

"ఇంట్లోనే. ఫోను ఆపి పెట్టినా." మంచం కిర్రుమన్న చప్పుడు. "విన్న్యావా?"

"విన్న్యా."

అవతల కోళ్లు గూటికి చేరుతూ అరుస్తున్నాయి. అమీనా ఎవరినో అదిలిస్తోంది. అన్నీ ఉన్నాయి, ఎక్కడివక్కడ.

కంపెనీవాళ్లు మూణ్ణెల్ల నుంచి అడుగుతున్నారట. తల్లి వస్తే వినేవాళ్లు ముందుకు జరుపుతున్నారట. తల్లి పోతేనే కొడుకు శక్తి బయటికి వస్తుందట, ఇట్లాంటి కథల్లో అదే పద్ధతట. ఇంకో నాలుగు భాగాలు, ఇంకో నాలుగు అని ఆపుకుంటూ వచ్చాడట. నిన్న ఇక కుదరలేదట. అప్పటికప్పుడు రాసి పంపాడట. రాశాక ఆమె ఫోను వస్తే ఎత్తడానికి చెయ్యి రాలేదట. ఇంత పొడుగు మాట వాడు ఈ తొమ్మిదేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. ఆమె మధ్యలో ఊకొట్టలేదు. ఊకొడితే ఆగిపోతాడేమోనని.

"నువ్వు లోయకాడికి పోయినావనుకున్యా," అంది చివరికి.

"నేను యాల పోతా మా. ఆయప్ప వేరు, నేను వేరు."

"మరి పంటినొప్పి?"

వాడు నవ్వబోయి ఆపుకున్నట్టు వినిపించింది. "పంటినొప్పి నాదే. రాయడానికి ఏం తోచనప్పుడు మనింట్లోది పెడతా."

ఆమె బొటనవేలి చీలికను చూపుడువేలితో నొక్కుకుంది. అడగకూడదనుకుంటూనే అడిగింది.

"నాకు నొప్పి తెలిసిందా?"

అవతల కోళ్ల చప్పుడు తగ్గింది, వాడు ఫోను పట్టుకుని లోపలికి నడిచినట్టున్నాడు.

"లేదు మా. పిండి కలుపుతా కలుపుతా గోడకు ఆనుకున్యావు. అంతే. పక్కనుండే వంటామె చూసుకునింది నిన్ను."

"మంచిదేనా ఆయమ్మ?"

"మంచిదే."

సరేలే, అన్నం తిను అంది. తింటా అన్నాడు. ఫోను పెట్టేసింది.

తలుపు తట్టారు. మేడమ్. నిద్రలేచి వచ్చినట్టు జుట్టు ముడి వదులైంది. కొడుకు ఎలా ఉన్నాడని అడిగింది. మహబూబ్బీ ఆలోచించకుండా, ఆ క్షణంలో లోపల ఉన్నదే పైకి చెప్పేసింది. తయ్యిబ్, బాగున్నాడు అంది. మొహం కూడా విచ్చుకునే ఉందేమో. మేడమ్ ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. పొద్దున గుండెజబ్బు, మధ్యాహ్నానికి తయ్యిబ్. అబద్ధమని తేలిపోయింది, అనుమానపడాల్సింది ఇంకేమీ లేదన్నట్టు, చిన్నగా, తనలో తాను తలూపుకుంది. ఇంక బాబాను అడగక్కర్లేదు కదా, అంది. మళ్లీ ఎప్పుడు అడిగినా ఆ చూపు అలాగే ఉంటుందని మహబూబ్బీకి అర్థమైంది. తలొంచుకుని అక్కర్లేదంది. ముసలామె లేచింది, టీ పెట్టు అని చెప్పి మేడమ్ వెళ్లిపోయింది.

లేచే ముందు, కథలో ఇంకా రెండు నిమిషాలు మిగిలి ఉన్నాయని చూసింది. వినాలా వద్దా అనుకుంటూనే నొక్కింది. యువదొర వెలుగుతూ లోయ దాటుతున్నాడు. కత్తులు, మెరుపులు. ఆఖరున లావుగొంతు మనిషి గొంతు తగ్గించాడు. ఎడారి రాజ్యంలో ఆ తల్లి ఉన్న గదిని అదే రోజు వేరొకరికి ఇచ్చారట. ఆమె దుప్పటి ఉతికి ఆరేశారట. కిటికీ గట్టు మీద ఉన్నదాన్ని మాత్రం ఎవరూ తీయలేదట.

మహబూబ్బీ తల తిప్పి చూసింది. రొయ్యల వాసన ఫోనులో కొడుక్కు తెలుస్తుందేమోనని, వీడియోలో మాట్లాడే ముందు ప్రతిసారీ చేతులకు రుద్దుకుని వాడికి తెర మీద కనబడే చోటే వదిలేసే నిమ్మచెక్క, రసమంతా పోయి, అంచులు లోపలికి ముడుచుకుని, ఎండలో గట్టు మీద బోర్లాపడి ఉంది.