నీలం కాస్త ఎక్కువైంది

మా మామయ్య తాపీమేస్త్రీ. గోడలో వెంట్రుకంత చీలిక కనిపిస్తే చాలు, తాపీ పట్టుకుని మీద పడతాడు. మొదలుపెట్టడమే గానీ ఆపడం ఆయనకు చేతకాదు. కిందనుంచి అత్తయ్య "చాలు, దిగండి!" అని అరవకపోతే కిటికీని కూడా పూడ్చేసే రకం. ఒకసారి పూడ్చేశాడు కూడా. మా వంటింట్లోకి ఇప్పటికీ గాలి రాదు.

అలాంటి మనిషికి కిడ్నీలు మచ్చలు కట్టి గట్టిపడుతున్నాయని తేలింది. ఎంతవరకు పాడయ్యాయో చూడ్డానికి సూదితో చిన్న ముక్క తీశారు. మచ్చ సగంకన్నా తక్కువైతే మందులతో చాన్నాళ్ళు నెట్టుకురావచ్చు, ఎక్కువైతే డయాలసిస్‌కు సిద్ధపడాలి అన్నాడు డాక్టరు. ఆ ముక్క వచ్చింది నేను పనిచేసే ల్యాబుకే.

"ఇంతకీ లోపల ఏం జరుగుతోందే?" అన్నాడు మామయ్య ముందురోజు.

"దెబ్బ తగిలినచోట మరమ్మతు చేయించే ప్రోటీన్ ఒకటుంటుంది మామయ్యా. పని మంచిదే. ఇక చాలని దాన్ని ఆపే ప్రోటీన్లూ మన ఒంట్లోనే ఉంటాయి. ఈ జబ్బులో అవి తగ్గిపోతాయి. ఇంక అది మచ్చ మీద మచ్చ వేయించుకుంటూ పోతుంది."

"అంటే లోపల మేస్త్రీ ఉన్నాడు గానీ, మీ అత్తయ్య లేదన్నమాట!"

"ఇంట్లో అరిచేది చాలక అక్కడిక్కూడా రావాలా నేను?" అంది అత్తయ్య.

మర్నాడు ఆ ముక్కకు నేనే రంగు వేశాను. మా పద్ధతిలో బాగున్న భాగం ఎర్రగా, మచ్చ నీలంగా కనిపిస్తుంది. నీలంలో ఐదు నిమిషాలు ఉంచితే సరి. నేను గడియారం చూడకుండా స్లైడునే చూస్తూ నిలబడ్డాను. ఒక్క మచ్చ కూడా తప్పిపోకూడదని ఇంకాస్త, ఇంకాస్త అనుకున్నాను. తీరా మైక్రోస్కోపు కింద పెడితే అంతా నీలమే. ఏడుస్తూ ల్యాబు డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను.

ఆవిడ ఒక్క చూపు చూసి, "ఎంతసేపు ఉంచావు తల్లీ?" అంది.

"పావుగంట... ఏమో మేడమ్."

"పదేళ్ళ సర్వీసు! సిగ్గుపడు. ఇంకో పొర కోసి మళ్ళీ వెయ్యి, గడియారం నేను చూస్తాను."

పక్కనే నిలబడి, సరిగ్గా ఐదో నిమిషానికి "చాలు, తియ్యి!" అని గదిమింది. అచ్చం అత్తయ్య గొంతే.

ఈసారి ఎరుపే ఎక్కువ. నీలం మూడో వంతు. ఆ నీలం మళ్ళీ ఎర్రబడదని నాకు తెలుసు. అయినా ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం డాక్టరు ఫలితం చెప్పాక, నా నిర్వాకం కూడా ఒప్పుకున్నాను. మామయ్య నన్ను ఎగాదిగా చూసి, "నా మేనకోడలివి అనిపించుకున్నావే!" అని పగలబడి నవ్వాడు.

అత్తయ్య నవ్వలేదు. "అయితే నేనింకా చాన్నాళ్ళు అరవచ్చన్నమాట," అంటూ ఆయన భుజం మీద తల పెట్టి భోరుమంది. ఎంతకీ ఆపలేదు.

"చాలే, ఊరుకో," అన్నాడు మామయ్య. ఆ మాట ఆయన నోట వినడం నాకదే మొదటిసారి.